ముప్పై అయిదుకే ముసలితనమా?

పల్నాటి పల్లెల్లో ముప్పై అయిదేళ్ల మగవాణ్ణి ఇంకా కుర్రాడనే అంటారు. కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభ కట్టాలన్నా, పంచాయతీ ఎన్నికల్లో జెండా మోయాలన్నా ముందుకొచ్చేది ఆ వయసు వాళ్లే. అదే ఈడు ఆడమనిషి మాత్రం అప్పటికే పెద్దావిడ. కూతురికి సంబంధాలు చూస్తూ ఉంటుంది. మోకాళ్లు పట్టుకుని లేస్తుంది. రాత్రిళ్లు నిద్ర పట్టదు. కారణం లేకుండా కన్నీళ్లు వస్తాయి. ఏమిటమ్మా అని అడిగితే, "ఇంకేముందిలే, నా పని అయిపోయింది" అంటుంది. ఈ మాట ఏ ఊరి బోరింగు దగ్గరయినా వినవచ్చు, ఏ మిరప కల్లంలోనయినా వినవచ్చు.

వినీ వినీ అలవాటయిపోయింది గనుక ఇది ఎవరికీ వింతగా తోచడం లేదు. కాని ఆలోచిస్తే ఇంతకంటే విచారకరమయిన విషయం మరొకటి లేదు. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి మన దేశంలో మనిషి సగటు ఆయుర్దాయం 32 ఏళ్లు. నేడు 70 ఏళ్లు. స్త్రీలకు మరొక ఏడాది ఎక్కువ. ఆ లెక్కన ముప్పై అయిదేళ్ల ఇల్లాలికి గడిచింది ఎంతో, గడపవలసింది కూడా అంతే. సగం దారిలో ఉన్న మనిషి తన ప్రయాణం ముగిసిందని కూర్చుంటున్నది.

పట్నాలలో 'మిడ్ లైఫ్ క్రైసిస్' అనే మాట వాడతారు. 1965లో ఎలియట్ జాక్స్ అనే కెనడా దేశపు మనస్తత్వవేత్త ఈ మాటను వాడుకలోకి తెచ్చారు. ముప్పై అయిదేళ్ల ప్రాంతంలో మనిషికి తన బతుకు సగం అయిపోయిందన్న ఎరుక కలుగుతుందని, చావు గురించిన తలపు మొదటిసారి గట్టిగా తాకుతుందని ఆయన రాశారు. ఆయన పరిశీలించింది పేరుమోసిన కళాకారుల జీవితాలను. తర్వాత తర్వాత ఇది నలభై, యాభై ఏళ్ల ఉద్యోగస్తులకు వచ్చే దిగులుగా పేరుపడింది. పిల్లలు ఎదిగి వెళ్లిపోయాక, జీతం స్థిరపడ్డాక, ఇన్నాళ్లూ ఏం చేశామని వెనక్కి చూసుకునే వేళ వచ్చే దిగులు అది.

పల్లెటూరి ఇల్లాలికి వెనక్కి చూసుకునే తీరిక ఎక్కడిది? అయినా ఆమెకు ఆ వేళ పదేళ్లు, పదిహేనేళ్లు ముందే వస్తున్నది. అది తనంత తాను రావడం లేదు. మనమే తెస్తున్నాం.

అన్నీ ముందే

2019-21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుండి 24 ఏళ్ల వయసు స్త్రీలలో నూటికి 29 మందికి పద్దెనిమిదేళ్లు నిండకముందే పెళ్లయిపోయింది. పదిహేడుకు పెళ్లి, పద్దెనిమిదికి ఒక కాన్పు, ఇరవైకి మరొక కాన్పు, ఆ వెంటనే కు.ని. ఆపరేషన్. ఇదీ వరస.

ఈ కు.ని. ఆపరేషన్లలో మన రాష్ట్రం దేశానికే ముందుంది. పెళ్లయిన స్త్రీలలో పదిమందికి ఏడుగురు ఆపరేషన్ చేయించుకున్నవారే. మగవారిలో నూటికి ఒక్కరు కూడా లేరు. ఎప్పుడూ ఇలాగే లేదు. 1976-77లో దేశం మొత్తం మీద 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగితే వాటిలో ఎక్కువ భాగం మగవారికే చేశారు. ఆ ఎమర్జెన్సీ బలవంతాల చేదు అనుభవం తర్వాత మగవారు తప్పుకున్నారు. బరువు ఆడవారి మీద పడింది. తప్పుకున్నవారు మళ్లీ ముందుకు రాలేదు.

ఇంతటితో ఆగినా బాగుండేది. ముప్పై దాటీ దాటకముందే మరొక ఆపరేషన్ వచ్చి పడుతున్నది. అదే గర్భసంచి తీసివేయడం. "ఫలానా ఆమె సంచి తీయించుకుంది" అన్న మాట పల్లెల్లో పన్ను పీకించుకుంది అన్నంత తేలికగా వినబడుతున్నది. 2015-16 నాటి నాలుగవ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. తెలంగాణలో 7.7. ఆంధ్రప్రదేశ్‌లో 8.9. అంటే దేశపు సగటుకు రెండున్నర రెట్లకు పైమాటే. దేశంలో జరిగిన ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రులలో జరిగినవే.

మన ఆడవారి గర్భసంచులు మాత్రమే ఇంతగా చెడిపోతాయా? అలా అనడానికి ఏ ఆధారమూ లేదు. మరి ఇన్ని ఆపరేషన్లు ఎందుకు జరుగుతున్నట్లు?

మూడు మాటలు

ఊళ్లో ఎవరిని కదిలించినా మూడు మాటలు చెబుతారు. మూడింటినీ విడివిడిగా చూడాలి.

మొదటి మాట: "పిల్లలు పుట్టారు, ఆపరేషనూ అయింది. ఇక ఆ సంచితో పనేముంది?" ఈ మాట అత్తలు అంటారు, భర్తలు అంటారు, చదువుకున్నవారూ అంటారు. మనిషి ఒంట్లో పని లేని భాగం ఉండదు. గర్భసంచిని ఆనుకుని అటూ ఇటూ అండాశయాలు ఉంటాయి. స్త్రీ ఎముకలకు పటుత్వాన్నీ, గుండెకు కాపునూ, నిద్రనూ, మనసుకు నిలకడనూ ఇచ్చే హార్మోన్లు వాటిలోనే తయారవుతాయి. మామూలుగా 45-50 ఏళ్ల మధ్య అవి మెల్లగా పని తగ్గించుకుంటాయి. ముట్లుడిగిపోవడం అంటే అదే. గర్భసంచితో పాటు అండాశయాలను కూడా తీసివేస్తే ఆ మార్పు ఏళ్ల తరబడి నెమ్మదిగా రాకుండా కొద్దిరోజుల్లోనే వచ్చి మీద పడుతుంది. ఒంట్లోంచి సెగలు, అర్ధరాత్రి చెమటలు, నిద్రలేమి, దడ, చిరాకు, దిగులు మొదలవుతాయి. కొన్నేళ్లకు ఎముకలు గుల్లబారతాయి. గుండె జబ్బుల ముప్పు పెరుగుతుంది. అండాశయాలను ఉంచి సంచి ఒక్కటే తీసినా, అవి మామూలు కంటే కొన్నేళ్లు ముందే ఉడిగిపోయే అవకాశం ఉంది.

రెండవ మాట: "తీయించుకోకపోతే కాన్సరు వస్తుందన్నారు." చాలామంది ఆపరేషన్ బల్ల ఎక్కేది ఈ భయంతోనే. తెల్లబట్ట అవుతున్నదని పోతే స్కానింగు తీసి, గర్భసంచి పూసింది, వాచింది, గడ్డలున్నాయి, నీటిబుడగలున్నాయి, ఇలాగే వదిలేస్తే కాన్సరే అని బెదిరించే చోట్లు ఉన్నాయి. రోగిని పంపించినందుకు కమీషన్ ముట్టే చోట్లు కూడా ఉన్నాయన్నది పల్లెల్లో అందరికీ తెలిసిన రహస్యమే. నిజానికి తెల్లబట్టకు ఎక్కువ సందర్భాలలో కారణం సూక్ష్మజీవుల వల్ల వచ్చే పుండ్లు, వాపులు. మందులతో తగ్గుతాయి. కొన్నిరకాలకు భర్త కూడా మందు వాడాలి. వాడకపోతే తగ్గింది తగ్గినట్టే ఉండి మళ్లీ వస్తుంది. అప్పుడు తప్పు గర్భసంచిది అవుతుందే గాని భర్తది కాదు. చిన్న చిన్న గడ్డలు చాలామందిలో ఉంటాయి. బాధ పెట్టకపోతే వాటి జోలికి పోనక్కర లేదు. ముట్లుడిగాక అవే కుంచించుకుపోతాయి. నీటిబుడగలు అనేకం వాటంతట అవే కరిగిపోతాయి. రక్తస్రావం అధికంగా ఉంటే దానికీ మాత్రలున్నాయి, గర్భసంచిలో అమర్చే మందు లూపులున్నాయి.

కాన్సర్ అనుమానం ఉంటే పరీక్ష చేయించుకోవాలి. గర్భసంచి ముఖద్వారాన్ని పరీక్షించే పద్ధతి చాలా తేలిక. 30 ఏళ్లు దాటిన స్త్రీలకు అయిదేళ్లకు ఒకసారి ఈ పరీక్ష జరపాలని 2016లోనే కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. పరీక్ష లేకుండా, ముక్క తీసి చూడకుండా, కాన్సర్ భయం చూపి కత్తి పెట్టడం వైద్యం అనిపించుకోదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిన సామెతే అవుతుంది.

మూడవ మాట ఆడవారు స్వయంగా చెప్పే మాట. దీన్ని తేలికగా తీసిపారేయడానికి వీల్లేదు. "నెలకు నాలుగు రోజులు కూలి పోతుంది. మేస్త్రి ముఠాలో చేర్చుకోడు. చేలో చాటు లేదు, గుడ్డ మార్చుకునే చోటు లేదు. ఆ గోల వదిలిపోతే చాలనిపించింది." మిరప కోతల కాలంలో పొద్దున్నే ఆటో ఎక్కితే చీకటి పడ్డాకే ఇల్లు. ఎండలో వంగి కోసే మనిషికి నెలనెలా వచ్చే నొప్పి, రక్తస్రావం ఎంత నరకమో చెప్పనక్కర లేదు. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో చెరకు నరికే కూలి స్త్రీలు వేలమంది ఇదే కారణంగా గర్భసంచులు తీయించుకున్న సంగతి 2019లో బయటపడి దేశమంతా విస్తుపోయింది. అక్కడి చెరకు తోటకూ ఇక్కడి మిరప చేనుకూ ఆడదాని కష్టంలో తేడా ఏమీ లేదు.

కాబట్టి ఆమెను తెలివితక్కువదని అనడం అన్యాయం. ఆమె తన లెక్క తాను వేసుకున్నది. నాలుగు రోజుల కూలి, నెలనెలా నొప్పి ఒకవైపు, ఒక్కసారి ఆపరేషన్ ఒకవైపు. అయితే ఆ లెక్కలో రావలసిన అంకెలు కొన్ని ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఆపరేషన్‌కు తెచ్చిన అప్పు, దాని వడ్డీ, ఆ తర్వాత నడుం నొప్పికి ఏళ్ల తరబడి మింగే బిళ్లలు, నలభై అయిదుకే మూలపడితే పోయే కూలి. ఇవి కలిపితే లెక్క తారుమారవుతుంది. నాలుగు రోజుల కూలి మిగుల్చుకోబోయి పదేళ్ల కూలి పోగొట్టుకున్నట్టు తేలుతుంది.

మనసు సంగతి ఎవరికి పట్టింది?

ఒంటి బాధ కనీసం చెప్పుకోవడానికి వీలుంటుంది. మనసు బాధకు పల్లెల్లో పేరే లేదు.

ఆపరేషన్ అయిన ఏడాదికో రెండేళ్లకో ఆ ఇంట్లో మాట తీరు మారుతుంది. ఇల్లాలు ఊరకే కసురుకుంటుంది. ఊరకే ఏడుస్తుంది. భర్త దగ్గరకు వస్తే ముడుచుకుపోతుంది. ఒంట్లో తడి ఆరిపోయి కలయిక నొప్పిగా ఉంటుందని ఆమె ఎవరితో చెబుతుంది? భర్త దాన్ని అలకగా, అహంకారంగా తీసుకుంటాడు. కొందరు తాగుడుకు అలవాటు పడితే మరికొందరు అనుమానాలకు దిగుతారు. అత్త 'గయ్యాళి అయింది' అంటుంది. ఎవరో గాలి సోకిందంటే తాయెత్తు కట్టిస్తారు. ఇంతమందిలో ఒక్కరికీ అది ఆపరేషన్ తర్వాత వచ్చిన మార్పు కావచ్చునని తోచదు.

దానికి తోడు పల్లె ఆమె చేత మనుగడకు ముగింపు పలికిస్తుంది. "నీకెందుకమ్మా రంగు చీర, అల్లుడొచ్చే వయసులో" అంటారు. పూలు పెట్టుకుంటే నవ్వుతారు. డ్వాక్రా సంఘంలో లెక్కలు రాయడం నేర్చుకుంటానంటే, ఓపెన్ స్కూల్లో పదో తరగతి కడతానంటే, "ఇప్పుడా?" అంటారు. ముప్పై అయిదేళ్లకు 'ఇప్పుడా' అనడం ఏమిటి? అదే వయసులో ఆమె భర్త కొత్త ట్రాక్టరు కొంటే ఎవరూ 'ఇప్పుడా' అనరు.

పట్నంలో నడివయసు దిగులు పట్టిన మనిషి ఇన్నాళ్లూ ఏం సాధించానని దిగులు పడతాడు. పల్లెలో ఈ ఇల్లాలి దిగులు వేరు. ఏదయినా మొదలు పెట్టడానికి ముందే అన్నీ అయిపోయాయన్నది ఆమె దిగులు. చదువు సగంలో ఆగింది, పెళ్లి తనను అడగకుండా జరిగింది, కాన్పులు, ఆపరేషన్లు ఇతరులు నిర్ణయించారు. తనకంటూ ఒక పొద్దు వస్తుందనుకున్న వేళకు పొద్దు కుంకిందన్నారు. ఈ దిగులు చిన్నది కాదు. 2022లో దేశంలో ఆత్మహత్యలు చేసుకున్న 1,70,924 మందిలో దాదాపు మూడో వంతు 30-45 ఏళ్ల మధ్య వారే. వీరిలో మగవారే ఎక్కువ. కారణాలు అనేకం. అయితే ఆ ఈడు మనుషుల గోడు, ఆడయినా మగయినా, వినే దిక్కు లేదనడానికి ఈ అంకె చాలు.

అడగవలసిన ప్రశ్నలు

గర్భసంచి ఆపరేషన్ అసలే వద్దని కాదు. కాన్సర్ నిర్ధారణ అయినప్పుడు, మందులకు లొంగని రక్తస్రావంతో ఒళ్లు పాలిపోతున్నప్పుడు, గడ్డలు పెద్దవై బాధిస్తున్నప్పుడు, సంచి జారినప్పుడు, కాన్పులో ప్రాణం మీదికి వచ్చినప్పుడు అది ప్రాణం నిలిపే చికిత్స. అటువంటి వేళ భయపడి మానుకోవడమూ తప్పే. కావలసింది అవసరానికీ, అనవసరానికీ తేడా తెలియడం.

ఎవరయినా ఆపరేషన్ అనగానే ఇంటివారు అయిదు ప్రశ్నలు అడగాలి. జబ్బు పేరేమిటి? స్కానింగులో, ముక్క పరీక్షలో ఏం తేలింది? మందులతో కొన్నాళ్లు చూడవచ్చునా? అండాశయాలు ఉంచుతారా, తీసేస్తారా? ఇప్పుడు చేయించకపోతే ఏమవుతుంది? మంచి వైద్యుడు ఈ ప్రశ్నలకు విసుక్కోడు. విసుక్కుంటే కాగితాలు తీసుకుని ప్రభుత్వాసుపత్రిలో స్త్రీల వైద్యురాలికి చూపించాలి. రెండో అభిప్రాయం తీసుకోవడం మొదటి వైద్యుణ్ణి అవమానించడం కాదు. ఎద్దును కొనేటప్పుడు నలుగురికి చూపించి కొంటాం. మనిషి ఒంటిమీద కత్తి పెట్టేటప్పుడు ఇద్దరికి చూపించలేమా?

ఇక ఇప్పటికే ఆపరేషన్ అయినవారి సంగతి. వారి బతుకు అయిపోలేదు. ముందుగా డిశ్చార్జి కాగితం వెదికి తీయాలి. అండాశయాలు ఉన్నాయో లేవో చాలామందికి నేటికీ తెలియదు. కాగితం చూపితే పి.హెచ్.సి. డాక్టరు చెబుతారు. చిన్న వయసులోనే అండాశయాలు తీసివేసిన వారికి హార్మోన్ మాత్రలు అవసరం కావచ్చు. అది వైద్యులు నిర్ణయించాలి గాని మందుల షాపువారు కాదు. పాలు, పెరుగు, రాగి జావ, నువ్వులు, ఆకుకూరలు ఎముకలకు మేలు చేస్తాయి. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలిందే ఇల్లాలికన్న ఆచారం మానాలి. కొత్తగా ఆపరేషన్ అయినవారిని ఆరువారాల పాటు బరువులు ఎత్తనివ్వకూడదు. ఇరవయ్యో రోజునే మిరప టిక్కీలు మోయించే ఇళ్లు ఉన్నాయి. అది కూలి కాదు, కోత.

నిద్ర పట్టకపోయినా, బతుకు మీద విరక్తి కలిగినా 14416 అనే టెలి మానస్ నంబరుకు ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ సేవ ఉచితం. తెలుగులోనే మాట్లాడవచ్చు. గుట్టుగా మాట్లాడుకునే వీలుంది గనుక ఊరంతా తెలుస్తుందన్న భయం అక్కర లేదు.

ఎవరి వంతు ఎంత?

అనవసర గర్భసంచి ఆపరేషన్లను అరికట్టేందుకు కేంద్రం 2022లో మార్గదర్శకాలు రూపొందించింది. వాటిని మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. తీర్పు ఢిల్లీలో వెలువడింది గాని ఆపరేషన్లు మన మండలాలకు ఆటో దూరంలోనే జరుగుతున్నాయి. జిల్లాలో ఏ ఆసుపత్రిలో, ఏ వయసువారికి, ఏ కారణంగా ఎన్ని ఆపరేషన్లు జరుగుతున్నాయో జిల్లా వైద్య ఆరోగ్య శాఖ లెక్క తీసి ప్రజల ముందు పెట్టాలి. లెక్క అడుగుతారని తెలిస్తే చాలు, కత్తి కొంత నెమ్మదిస్తుంది.

అధికారుల మీద నెట్టేసి ఊరుకుంటే కూడా చాలదు. ప్రతి పంచాయతీలో డ్వాక్రా సంఘాలున్నాయి. నెలనెలా సమావేశాలు జరుగుతాయి. ఆపరేషన్‌కు అప్పు అడిగిన సభ్యురాలిని, "రెండో డాక్టరుకు చూపించావా అమ్మా?" అని ఆ సమావేశంలో ఒక్కమాట అడగవచ్చు. ఆశా కార్యకర్త, ఏఎన్ఎం గర్భిణుల లెక్కతో పాటు ముప్పై దాటిన స్త్రీల బాగోగులు కూడా అడగవచ్చు. కోతలకు పిలిచే రైతు చేను గట్టున నాలుగు తడికలు కట్టించి, బిందెడు నీళ్లు పెట్టించవచ్చు. ఆపరేషన్ ఖర్చు ముందు తడికల ఖర్చు ఏపాటి? అన్నిటికంటే ముందు, పదిహేడేళ్ల పిల్లకు సంబంధం వచ్చిందని ఎగిరి గంతేయడం తండ్రులు మానుకోవాలి. అన్నీ ముందే జరిగే ఈ వరసకు మొదలు అక్కడే ఉంది. మొదలు ఆలస్యమయితే ముసలితనమూ ఆలస్యమవుతుంది.

భర్తలకు ఒక్క మాట. ఇల్లాలు కసురుకున్న రోజున ఎదురు కసరడానికి ముందు, "ఒంట్లో ఎలా ఉంది?" అని అడిగి చూడండి. ఎన్నో ఏళ్లుగా ఆ మాట ఎవరూ ఆమెను అడిగి ఉండరు.

ముప్పై అయిదేళ్లు నడివయసు కావచ్చు. నడి అంటే మధ్య. మధ్యలో ఉన్నదాన్ని చివర అనుకోవడం లెక్క తప్పు. పల్నాటి ఇల్లాలు నేటికీ ఆ తప్పు లెక్కతోనే బతుకుతున్నది. దాన్ని సరిచేయవలసిన బాధ్యత ఆమె ఒక్కదానిది కాదు, ఊరందరిది.